భయానక క్రీడాపరంపర: తొలుత ప్రవేశింపదగిన ద్వారమేది?



నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. కంప్యూటరు మీదను టెలివిజను తెరమీదను ఆడెడు వీడియో ఆటలలో 'రెసిడెంట్ ఈవిల్' అను నొక భయానక పరంపర కలదు. అది 1996వ సంవత్సరమున పుట్టి నేటికిని సాగుచున్నది. ఆ పరంపరను క్రొత్తగా ఆడదలచినవాడు ఎచ్చట ఆరంభింపవలయునన్నదే నేటి విచారము. వృద్ధులకీ చర్చ యేల యని మీరడుగవచ్చును. మన యిండ్లలో చదువుకొను మనుమలును, పట్టణములలో నుద్యోగములు చేయు కుమారులును ఇట్టి యాటల నాడుచున్నారు. వారు తలుపు మూసికొని చీకటిలో కూర్చుండి యేమి చూచుచున్నారో యెరుగక మనము ఒకయెడ ఊరక కోపించుచున్నాము, వేరొకయెడ ఊరక ఉపేక్షించుచున్నాము. తెలియక చేసెడు నిషేధమును పిల్లలు లెక్కింపరు. తెలియక యిచ్చెడు అనుమతి వలన పిల్లలకే హాని కలుగవచ్చును. కావున మొదట వస్తువు నెరిగి, పిమ్మట దాని మంచిచెడ్డలు విచారింతము.

జపాను దేశమున ఒసాకా నగరమందు క్యాప్‌కాం అను ఆటల సంస్థ కలదు. అది 1989లో 'స్వీట్ హోమ్' అను పేర ఒక భూతగృహకథను ఆటగా వెలువరించినది. ఆ బీజము నుండియే, షింజి మికామి యనువాని దర్శకత్వమున, 1996 మార్చి 22వ తేదీన 'బయోహజార్డ్' అను ఆట వెలువడినది. జపానులో నేటికిని దానికదియే పేరు. అమెరికాలో ఆ పేరును తమ హక్కుగా పొందుట సాధ్యము కాకపోవుటచే అచ్చట 'రెసిడెంట్ ఈవిల్' అని మార్చిరి. ఇంటిలోనే కాపురమున్న కీడు అని దాని కర్థము చెప్పుకొనవచ్చును.

కథ యిట్టిది. అమెరికాలో ర్యాకూన్ సిటీ అను ఒక కల్పిత నగరము. అంబ్రెల్లా అను ఒక కల్పిత ఔషధసంస్థ బయట జనులకు మందులమ్ముచు, లోపల రహస్యముగా నొక ఘోరమైన వైరసును పెంచుచుండెను. అది సంస్థవారి చేయి దాటి బయటపడెను. సోకినవారు మరణించియు మరణింపక, నడచు పీనుగులై మనుష్యులపై బడుదురు. మన కథలలో బేతాళుడు శవము నావేశించునట్టిది కాదిది. ఇచట మంత్రము లేదు, భూతము లేదు. రోగమే కారణము, ఆ రోగమునకు మనుష్యుని దురాశయే కారణము. 1998 జూలైలో జరిగినట్లు చెప్పబడిన మొదటి కథలో, క్రిస్, జిల్ అను రక్షకభటులు అడవిలో వికృతములైన కుక్కలచే తరుమబడి, జనసంచారము లేని యొక పెద్ద మేడలో దూరుదురు. ఆ మేడనుండి బ్రతికి బయటపడుటయే ఆట.

భరతముని నాట్యశాస్త్రమున భయానకరసమునకు భయము స్థాయిభావమనియు, వికృతధ్వనులను వినుట, శూన్యగృహమును అరణ్యమును ప్రవేశించుట మున్నగునవి విభావములనియు చెప్పియున్నాడు. ఈ యాటయందు అడవియు కలదు, శూన్యగృహమును కలదు, తలుపు వెనుక వినబడు వికృతధ్వనియు కలదు. కాని నాటకమునకును దీనికిని ఒక భేదము కలదు. నాటకమున భయపడెడివాడు రంగముమీది పాత్ర. ప్రేక్షకుడు సురక్షితముగా కూర్చుండి రసము ననుభవించును. ఇందు తలుపు తీయవలసినవాడు ప్రేక్షకుడే. తీయక కూర్చుండినచో కథ ముందునకు సాగదు.

ఈ జాతి యాటలకు 'సర్వైవల్ హారర్' అను పేరు ఈ యాటవలననే లోకమున వ్యాపించినది. ప్రాణరక్షణమే ప్రధానముగా గల భయానకమని తాత్పర్యము. ఇందలి రహస్యము కొరతయందున్నది. తుపాకిగుండ్లు మితముగా దొరకును. గాయములు మాన్పు మూలికలును మితమే. మొదటి యాటలో క్రిస్ ఆరు వస్తువులను మాత్రమే మోయగలడు, జిల్ ఎనిమిదింటిని మోయగలదు. మిగిలినవి పెట్టెలో దాచి, వలసినప్పుడు తిరిగివచ్చి తీసికొనవలయును. ఆడినంతవరకు భద్రపరచుటకు ఒక టైపురైటరును, దానికి సిరా రిబ్బనును కావలయును. ఆ రిబ్బనులును లెక్కకు వచ్చినవే. కావున ఆడువాడు ప్రతి అడుగునను, ఈ గుండును ఇపుడు వ్యయము చేయుదునా, పీనుగును తప్పించుకొని పోవుదునా యని యోచించును. కరవు సంవత్సరమున గాదెలోని గింజలను లెక్కించుకొను గృహస్థుని బుద్ధి యెట్టిదో, ఈ యాటకు వలసిన బుద్ధియు అట్టిదే.

ఇక అసలు ప్రశ్న. ఈ పరంపరలో ముఖ్యసంఖ్యలు గలవే ఎనిమిదింటికి మించి వెలువడినవి, ఉపకథలు వేరు, పాత యాటలను మరల క్రొత్తగా నిర్మించినవి వేరు. ఒకే సంఖ్యతో రెండు రూపములుండుటచే అంగడిలో నిలుచున్న క్రొత్తవాడు తికమకపడును. తగనిదానిని కొనినచో ధనము పోవుటయే గాక, ఈ జాతి యంతయు నింతియే యను దురభిప్రాయము నిలిచిపోవును. దీనిని గూర్చి మూడు పూర్వపక్షములు కలవు.

వెలువడిన వరుసనే ఆడవలయునని మొదటి పక్షము. ఇది న్యాయముగనే తోచును. కాని 1996 నాటి యాటలో మనకు దృశ్యమును చూపు కెమెరా గదిమూలను కదలక నిలిచియుండును. పాత్ర యెటు తిరిగియున్నదో అటే నడచును గాని, తెరమీద మనకు కనబడు దిక్కును అనుసరించి నడువదు. ఆ నాడు అది భయమును పెంచిన ఉపాయమే. నేటివారికి చేతులు కట్టివేసినట్లుండును. మికామియే 2002లో ఆ మొదటి యాటను సుందరముగా పునర్నిర్మించెను. నేటి యంత్రములపై ఆడుటకు వీలగు రూపము 2015లో పాశ్చాత్యదేశములకు వచ్చినది. అది ఉత్తమమైనదే. కాని అందు ఒకసారి పడగొట్టిన పీనుగును కాల్చివేయక విడిచినచో, అది మరల లేచి మునుపటికంటె వేగముగా మీదబడును. తొలి పాఠమునకు అది కఠినము.

కథాకాలపు వరుసననుసరింపవలయునని రెండవ పక్షము. అట్లయినచో 2002లో వెలువడిన 'జీరో'తో మొదలిడవలయును. ఏలయన దాని కథ మేడకథకు కొంచెము ముందు జరిగినది. కాని అందు ఇద్దరు పాత్రలను మార్చిమార్చి నడుపవలయును. వస్తువులు దాచుకొనుటకు పెట్టెయును లేదు; నేలమీద విడిచి, గుర్తుంచుకొని, మరల వెదకికొనవలయును. అంతేకాదు, మేడ యెట్టిదో చూడకముందే మేడవెనుకనున్న రహస్యములు చెప్పబడును. ముడి వేయకమునుపే విప్పి చూపినట్లగును.

మిక్కిలి ప్రసిద్ధమైనదానినే ముందు పట్టవలయునని మూడవ పక్షము. ప్రసిద్ధమైనది 2005లో వెలువడిన నాల్గవది. అందు కెమెరా పాత్ర భుజము వెనుకకు వచ్చినది. తరువాతి అనేకములైన ఆటలకు అది మార్గదర్శకమైనది. కాని అందు భయముకంటె యుద్ధము హెచ్చు. 2009 నాటి ఐదవదియు, 2012 నాటి ఆరవదియు ఆ త్రోవనే మరింత దూరము పోయి, వీరరసమునకు చోటిచ్చి భయానకమును పలుచన చేసినవి. అందు మొదలిడినవాడు పరంపరయొక్క ప్రాణమును పట్టజాలడు.

ఇపుడు సిద్ధాంతము. క్రొత్తవాడు రెండవ యాటతో, అందును 1998 నాటి పాత రూపముతో గాక, 2019 జనవరిలో వెలువడిన క్రొత్త రూపముతో ఆరంభింపవలయునని నా యభిప్రాయము. నడుమనుండి ప్రవేశించుట మనకు క్రొత్త గాదు. భారతపారాయణమును విరాటపర్వముతో ఆరంభించు ఆచారము మనకు కలదు. తిక్కన సోమయాజియు తన రచనను విరాటపర్వముతోనే మొదలిడెను. రామాయణమున సుందరకాండను ముందు పట్టువారెందరు లేరు? ప్రవేశించుటకు తగిన ద్వారము తూర్పువాకిలియే కానక్కరలేదు; లోని వారికి దారి తెలియజేయునది యేదియో అదియే ద్వారము.

దీనికి నాలుగు కారణములు చెప్పెదను. మొదటిది, కథ తనంత తాను పూర్ణము. 1998 సెప్టెంబరున రోగము నగరమంతయు వ్యాపించినది. ఉద్యోగమున చేరుటకు తొలిదినమున వచ్చిన లియాన్ అను పోలీసు యువకుడును, తన యన్నయగు క్రిస్‌ను వెదకుచు వచ్చిన క్లేర్ అను యువతియు నగరమున చిక్కుకొందురు. వారికి ముందుకథ యేమియు తెలియదు, క్రొత్తవానికిని తెలియదు. కావున పాత్రయు ఆటగాడును ఒక్కమారే నేర్చుకొందురు.

రెండవది, స్థలము. పూర్వము కళాప్రదర్శనశాలగా నుండి పిదప పోలీసు ఠాణాగా మారిన ఒక పెద్ద భవనమున కథ చాలవరకు జరుగును. సింహము, ఒంటికొమ్ము గుర్రము, కన్య యను మూడు విగ్రహముల పతకములను సాధించినగాని రహస్యమార్గము తెరువబడదు. తలుపులకు పేకముక్కల గుర్తులుగల తాళపుచెవులు వెదకవలయును. మొదట దారి తప్పి తిరుగాడినవాడు కొన్ని గంటలకు ప్రతి తలుపును ప్రతి మలుపును తన ఇంటివలె ఎరుగును. ఎరుకతో భయము తగ్గును. సరిగా అప్పుడే, టోపీయు పొడవు కోటును ధరించిన యొక మహాకాయుడు వెన్నంటుట ఆరంభించును. వాని అడుగుల చప్పుడు పైకప్పు మీదను గోడ వెనుకను వినబడును. తెలిసిన యిల్లు మరల తెలియనిదగును. భయమును కలిగించుట, తగ్గించుట, మరల పెంచుట యను ఈ క్రమము ఈ పరంపర యంతటికిని మూలసూత్రము.

మూడవది, ఆడువిధము. కెమెరా భుజము వెనుకనుండుటచే నేటి యువకుని చేతికి అలవాటైన రీతిగానే యుండును. నాల్గవది, సహాయము. ఇందు సులభము, సాధారణము, కఠినము అను మూడు మెట్లు కలవు. సులభమైన మెట్టున గురి చూచుటకు ఆటయే తోడ్పడును, గాయము కొంతవరకు తనంత మానును, ఆడినంతవరకు తనంత భద్రమగును. రిబ్బను నియమము కఠినమైన మెట్టుననే. మొదట సులభముగా ఆడుటలో సిగ్గుపడవలసినది లేదు; వర్ణమాల నేర్వక ప్రబంధము పట్టినవాడు ముందునకు పోడు. ఈ యాట కోటికి మించిన ప్రతులుగా అమ్ముడగుటయు దీని యోగ్యతకు సాక్ష్యము.

తరువాతి క్రమమును సంగ్రహముగా చెప్పెదను. రెండవది ముగించినవాడు, మొదటిదాని 2002 నాటి పునర్నిర్మాణమును ఆడవలయును. అపుడు కొరతతో కాపురము చేయుట అలవడియుండును గాన కాఠిన్యము బాధింపదు. జిల్ పాత్రతో ఆరంభించుట మేలు. ఆమె యెక్కువ వస్తువులు మోయును. పిదప 2023లో క్రొత్తగా కట్టబడిన నాల్గవది; అందు లియాన్ ఆరు సంవత్సరములు గడచిన పిమ్మట స్పెయిను దేశమున నొక గ్రామమునకు పోవును. అనంతరము 2017 నాటి ఏడవది, 2021 నాటి 'విలేజ్' అను ఎనిమిదవది వరుసగా ఆడవలయును; ఈ రెండింటి నాయకుడు ఒక్కడే. 1999లో పుట్టి 2020లో క్రొత్త రూపము దాల్చిన మూడవది కొంచెము చిన్నది. తీరిక యున్నపుడు ఆడవచ్చును. ఐదవదియు ఆరవదియు ఇద్దరు మిత్రులు కలసి ఆడుటకు తగినవి.

ఒక మినహాయింపు కలదు. పాత కథలతో పనిలేదు, భయమొక్కటే కావలయుననువాడు ఏడవదానితోనే మొదలిడవచ్చును. భార్యను వెదకుచు లూసియానా ప్రాంతమున ఒక పాడుకొంపకు పోయిన యువకుని కథ యది. అందు పాత్ర మనకు కనబడదు. పాత్ర కన్నులతోనే మనము చూచుచుందుము. అందుచే భయము మిక్కిలి తీవ్రము. గుండెబలము లేనివారికి తగదు. 2002 మొదలు వచ్చిన చలనచిత్రములు చూచితిమి, కథ తెలిసినదనువారు కూడ కలరు. ఆ చిత్రముల నాయిక ఆలిస్ ఈ యాటలలో లేనేలేదు. చిత్రము వేరు, ఆట వేరు.

పెద్దలారా, ఇక మన వంతు. ఈ యాటలు బాలురకొరకు నిర్మింపబడినవి కావు. అమెరికాలోని వర్గీకరణమండలి 2019 నాటి ఈ రెండవ యాటను పదునేడేండ్లు నిండినవారికే తగినదని నిర్ణయించినది. ఐరోపా మండలి పదునెనిమిదేండ్లని నిర్ణయించినది. రక్తమును, ఛిన్నమైన అవయవములను ఇందు దాపరికము లేక చూపుదురు. భయానకమునకు తోడు బీభత్సమును మెండు. పదేండ్ల మనుమడు అడిగినచో నిస్సంకోచముగా కూడదని చెప్పుడు. కారణము కూడ చెప్పుడు. అట్టి వయస్సున కల్పితమునకును నిజమునకును నడుమనుండు గోడ పలుచన. రాత్రి నిద్రలో అది కూలిపోవును. వయస్సు వచ్చినవాడు ఆడుచున్నచో, ఆట పేరు మాత్రము విని దూషింపకుడు. వానికి ఈ క్రమము చెప్పుడు. ఒకదినము వాని ప్రక్కన అరగంట కూర్చుండి, ఏ తలుపు తీయబోవుచున్నావు, ఎన్ని గుండ్లు మిగిలినవి యని యడుగుడు. వాడు ఆశ్చర్యపడును, పిదప వివరించును. మీతో పదిమాటలు మాటలాడుటకు తీరిక లేదనువాడు గంటసేపు మాటలాడును.

ఈ యాటలలో తలుపులు దాటి దాటి అలసినవానికి అక్కడక్కడ ఒక చిన్నగది దొరకును. అచ్చట టైపురైటరు ఉండును, వస్తువుల పెట్టె ఉండును, మెల్లని సంగీతము వినబడును. ఆటగాండ్రు ఆ గదిని చేరగానే నిట్టూర్పు విడుతురు. పెద్దలు కూర్చుండిన అరుగు పిల్లలకు అట్టి గది కావలయునని నా కోరిక.