చిక్కుడు పాదుకు దిష్టి తగల్లేదు: శరత్కాలపు పెరటి సాగులో అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిందంటే కొత్తవలస ఇళ్లలో చూపు పెరటి వైపు మళ్లుతుంది. వానాకాలమంతా నానిన మడులు కాస్త ఆరతాయి, ఎండ మెత్తబడుతుంది, విత్తనాల దుకాణాల ముందు రంగురంగుల పొట్లాలు వేలాడతాయి. వాటితోపాటే సలహాలూ మొదలవుతాయి. ఒకటి అమ్మమ్మది, ఒకటి పక్కింటివాళ్లది, మరొకటి యూట్యూబ్‌లో ఎక్కడో మంచు కురిసే ఊరివాళ్లది. నా ఓటు అమ్మమ్మకే. ఆవిడ చెప్పిన పని చాలాసార్లు ఒప్పే, చెప్పిన కారణమే తప్పు. వీడియోలది తిరగేసిన లెక్క: కారణం ఒప్పు, పని మన ఊరికి తప్పు.

అపోహ: చిక్కుడు పాదు ఏపుగా పెరిగి పూత పట్టలేదంటే దిష్టి తగిలినట్టు, లేదా అది గొడ్డు పాదు.

ఉత్తరాంధ్ర పెరళ్లలో ఇంత అన్యాయం జరిగే మొక్క ఇంకొకటి లేదు. ఆషాఢంలో గింజ పెడితే భాద్రపదం నాటికి పందిరి నిండిపోతుంది. పువ్వు మాత్రం కనబడదు. “ఓలమ్మ, ఎవరి కళ్లు పడ్డాయో!” అని ఒకరు పాత చెప్పు కడతారు, ఇంకొకరు చీపురుతో నాలుగు తగిలిస్తారు, ఓపిక చచ్చినవాళ్లు దసరాకి ముందే మొదలు నరికేస్తారు. చెప్పు కట్టిన పాదు కార్తీకంలో విరగబూస్తుంది, ఆ పేరు చెప్పుకు పోతుంది. కట్టకపోయినా పూసేదే.

నాటు తీగచిక్కుడు రాత్రి పొడుగును కొలుచుకుని పూస్తుంది. మన అక్షాంశంలో జూన్ నెలాఖరున పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరు నెలాఖరుకి సుమారు 11 గంటలు. ఈ తగ్గుదల ఒక హద్దు దాటేదాకా తీగ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుందే తప్ప మొగ్గ తొడగదు. మొక్కలకు ఈ లెక్క ఉందని 1920లో లోకానికి చెప్పినవాళ్లు అమెరికా వ్యవసాయ శాఖలోని గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు. వాళ్లను వేధించింది ఒక పొగాకు రకం. వేసవంతా మనిషిని మించి పెరిగేది, పూసేది కాదు. రోజూ కొన్ని గంటలు ముందుగానే చీకటి కొట్టంలోకి నెడితే వేసవిలోనే పూసింది.

కాబట్టి నత్రజని తగ్గించడం, వేర్లు కోయడం, ఆకు దూయడం లాంటి తిప్పలు ఇక్కడ అనవసరం. చూసుకోవలసినవి రెండే. మొదటిది విత్తే వేళ. వానలు మొదలవగానే వేస్తే పూతవేళకు పందిరంత ఒళ్లు తయారై ఉంటుంది. అక్టోబరులో వేసిన నాటు గింజ మూరెడు పెరగకుండానే పూతకొచ్చి నాలుగు కాయలతో సరిపెడుతుంది. ఆలస్యమైపోతే పగటి పొడుగుతో పనిలేని పొట్టి రకాలున్నాయి. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. రెండోది వీధిదీపం. రాత్రంతా బలమైన వెలుగు మీద పడితే ఈ జాతి మొక్కలకు రాత్రి లెక్క తప్పుతుంది. సోయా చేలల్లో దీపస్తంభాల పక్క వరుసలు ఆలస్యంగా పండడం తెలిసిన సంగతే. ఎల్‌ఈడీ దీపం కింద పందిరి వేసుకున్నవాళ్లు చెప్పు విప్పేసి పందిరి జరుపుకోవడం మేలు.

అపోహ: కాలీఫ్లవరు, క్యారెట్టు కొండమీద పండాల్సిందే, మన దగ్గర రావు.

కిరండూల్ రైలు లైను కొత్తవలస జంక్షన్‌లోనే మెయిన్ లైను నుంచి చీలి కొండెక్కుతుంది. అరకుకి ముందొచ్చే శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకెళితే గాలి ఆరు డిగ్రీల వరకు చల్లబడుతుంది. అపోహ పుట్టింది ఈ తేడా నుంచే. కొండమీద వచ్చే రకం కింద రాదన్న మాట నిజమే. కాలీఫ్లవరే కింద రాదనడం సరికాదు.

కాలీఫ్లవరులో రకాన్ని బట్టి పువ్వు కట్టే చలి మారుతుంది. పూసా స్నోబాల్ వంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు కావాలి. మనకు డిసెంబరు, జనవరి రాత్రులే 18 డిగ్రీల అటూ ఇటూ. పగలు అంతకు పది డిగ్రీలు పైనే. ఆ రకం ఇక్కడ ఆకుల గుట్టగానే మిగిలిపోతుంది. పూసా దీపాలీ వంటి తొందరపంట రకాలు 20 నుంచి 27 డిగ్రీల మధ్యే పువ్వు కడతాయి. పొట్లం మీది ఫొటోలు రెండింటికీ ఒకేలా ఉంటాయి, అదీ చిక్కు. క్యారెట్టు సంగతీ అంతే. నారింజ రంగు నాంటిస్‌కి చల్లటి నేల కావాలి, ఎర్ర పూసా కేసర్ వెచ్చదనాన్ని ఓర్చుకుంటుంది. ఏ క్యారెట్టునూ నారు పోసి నాటకూడదు, నాటితే దుంప కాళ్లు చాస్తుంది. మన ఎర్రనేల గట్టివాన పడి ఎండితే పైన పెచ్చు కడుతుంది, సన్న విత్తనం దాన్ని చీల్చుకుని రాలేదు. గింజ చల్లాక మాగిన గత్తం పలచగా కప్పి, మొలక వచ్చేదాకా గడ్డి పరిచి ఉంచితే చాలు.

పాలకూరకు కూడా చలి కావాలని చాలామంది అక్టోబరు దాకా ఆగుతారు. ఆ మాట విదేశీ స్పినాచ్‌కి వర్తిస్తుంది. మన పాలకూర బీట్‌రూట్‌కి దగ్గరి చుట్టం, వేడికి అంతగా జడవదు.

అపోహ: దసరా వెళితే వానలు వెనకబట్టినట్టే, నారు నాటేయవచ్చు.

పై-లీన్ తుఫాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ దగ్గర 2014లో, అదే అక్టోబరు 12న. తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస వైపు 2018 అక్టోబరు 11న. ఆరేళ్లలో మూడు తుఫాన్లు, తేదీలో తేడా ఒక్కరోజు. హుద్‌హుద్ నాడు గాలి గంటకు 170 కిలోమీటర్లు దాటింది. కొత్తవలస విశాఖకు ఎంత దూరమని! ఏటా ఇలాగే వస్తుందని చెప్పలేం గానీ, ఈ నెలను నమ్మి లేత నారు బయట పెట్టడం జూదమే. వంగ, టమాటా, కాలీఫ్లవరు నారు ఆ రోజుల్లో అరుగు మీద ట్రేల్లో ఉండడం నయం. నెల వయసు నారు తుఫాను భయం తగ్గాక నాటుకుంటే పోయేదేమీ లేదు, చలి ఇంకా ముందే ఉంటుంది. పందిరి రాటలు మాత్రం ముందే బిగించుకోవాలి.

నారు మొదట్లో మెత్తబడి వాలిపోతే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. అది నారుకుళ్లు తెగులు, ఎక్కువైన తడే దానికి బలం. మడి జానెడు ఎత్తుగా కట్టి, విత్తనం పలచగా చల్లి, గత్తంలో ట్రైకోడెర్మా కలిపితే చాలావరకు తప్పుతుంది.

అపోహ: ఆనప, బీర, గుమ్మడి పూలు రాలిపోతున్నాయంటే తెగులు సోకినట్టు.

ముందు పూసేవి మగపూలు, అవి రాలేవే. ఆడపువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటుంది, అది వారం పది రోజులు వెనకగా వస్తుంది. అసలు చూడవలసింది ఆ పిందె పచ్చబడి రాలుతోందా అన్నది. రాలుతుంటే పుప్పొడి అందలేదన్నమాట. పుప్పొడి అద్దమని వీడియోలు చెబుతాయి, పొద్దున్నే అద్దమంటాయి. గుమ్మడికి, కాకరకు అది సరే. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తెల్లటి ఆనపపువ్వు దగ్గరికి రాత్రి చిమ్మటలు వస్తాయి. పొద్దున కాఫీ తాగి తీరిగ్గా వెళ్లి ఆనపకు పుప్పొడి అద్దేవాళ్లది వృథా శ్రమ. దీపాలు పెట్టేవేళ మగపువ్వు రెక్కలు ఒలిచి ఆడపువ్వు మధ్యలో రాయండి. అదే వేళలో పురుగుమందు కొడితే వచ్చే చిమ్మటలనూ పోగొట్టుకున్నట్టే.

అపోహ: వానాకాలంలో ఎండ పడ్డ చోటే ఇప్పుడూ పడుతుంది.

జూన్‌లో మనకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరుకి దక్షిణంగా వాలిపోతాడు. అప్పుడు ఆరడుగుల ప్రహరీ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు అయిదడుగులకు పైగా నీడ పరుస్తుంది. ఇరుకు దొడ్లలో ఆ అయిదడుగులే మడి. టమాటా, వంగ గోడకు దూరంగా, కొత్తిమీర, పాలకూర గోడ పంచన పెట్టుకోవాలి.

ఇక వంటింటి వైద్యాలు. టమాటా కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేస్తారు. కాల్షియం లోపమే, కాని ఎక్కువసార్లు అది నేలలో ఉండే ఉంటుంది. నీళ్లు ఒకరోజు ముంచి, నాలుగు రోజులు ఎండగడితే కాయదాకా చేరదు. పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు. బూడిదలో నత్రజని ఉండదు, మంటలోనే పోయింది. పొటాష్, సున్నం మిగులుతాయి. యూరియాతోనో పచ్చిపేడతోనో కలిపితే వాటి నత్రజని కూడా గాలిలో కలుస్తుంది. పేనుబంక పట్టిన చిక్కుడు మీద మంచు తడి ఆరకముందు బూడిద చల్లే పాత అలవాటులో మాత్రం కొంత పస ఉంది. ఆ తీగ మీది చీమలు పాదును తినడానికి రావు. పేను కార్చే తీపికోసం వచ్చి, పేనుకే కాపలా కాస్తాయి. వేపనూనెను ఉత్త నీళ్లలో వేస్తే పైన తేలుతుంది. ముందు కాస్త సబ్బునీళ్లలో గిలక్కొట్టి కలపాలి.

అపోహ: ఆనపకాయ చేదైతే ఉప్పు రాసి ఉడికిస్తే పోతుంది.

ఇది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే మాట. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలది, ఉడికించినా విరగవు. చేదు ఆనపరసం తాగి మరణాలు జరిగాక భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల కమిటీ కూడా చేదుంటే పారేయమనే చెప్పింది. తాగినవాళ్లకు వాంతులు, విరేచనాలు, రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాయ కోయగానే చిన్న ముక్క నాలుక చివర తాకించి చూడండి. చేదైతే ఉమ్మేసి నోరు పుక్కిలించి, కాయను పశువులకు కూడా పెట్టకుండా పాతిపెట్టండి. ఆ పాదు నుంచి వచ్చే ఏడాదికి విత్తనం దాచవద్దు.