నడుము నొప్పి: గృహోపచారానికి హద్దులు, వైద్యావసరానికి గుర్తులు

వ్యాససంగ్రహం:
నడుము నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. అందువల్ల చివరగా చేసిన చికిత్సకు ఆ ఘనత దక్కుతుంది. ఆ నమ్మకమే అరుదైన ప్రమాదకర వ్యాధులను ఆలస్యంగా గుర్తించడానికీ కారణమవుతోంది. ఇంట్లో చేసుకోదగిన ఉపచారాలను, వైద్యుణ్ణి తప్పక కలవవలసిన లక్షణాలను వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నడుము నొప్పి, గృహోపచారం, సయాటికా, వెన్నెముక క్షయ, ప్రమాద లక్షణాలు.

1. ఉపోద్ఘాతం:
2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్లమంది నడుము నొప్పితో బాధపడినట్లు ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసింది. వంగి నాట్లు వేసే కూలీలకూ, గంటల తరబడి కూర్చుని జవాబుపత్రాలు దిద్దే అధ్యాపకులకూ ఇది పరిచితమైన బాధే. సుమారు 90 శాతం సందర్భాలలో నొప్పికి ఫలానా ఎముక, ఫలానా డిస్క్ కారణమని నిర్ధారించడం సాధ్యం కాదు. కండరాలు, కీళ్లు, స్నాయువులతో పాటు నిద్రలేమి, మానసిక ఒత్తిడి కూడా ఆ నొప్పిని పెంచుతాయి.

2. సహజగమనం - చికిత్సపై నమ్మకం:
నడుము పట్టేసినప్పుడు ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకుంటే తగ్గుతుందనే విశ్వాసం తెలుగు పల్లెల్లో ఉంది. తగ్గినవారు చెప్పే సాక్ష్యం అబద్ధం కాదు; వారికి నిజంగానే తగ్గింది. అయితే తన్నించుకోకపోయినా వారిలో ఎక్కువమందికి తగ్గేదే. కాకతాళీయ న్యాయానికి ఇది చక్కని ఉదాహరణ.

ఆధునిక వైద్యానికీ ఈ పరీక్ష వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కోలుకోవడానికి పట్టిన కాలపు మధ్యగతం పారాసెటమాల్ తీసుకున్నవారిలో 17 రోజులు, మందులేని మాత్ర తీసుకున్నవారిలో 16 రోజులు. స్కానింగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. నొప్పి ఏమాత్రం లేనివారిని పరిశీలించిన అధ్యయనాలను క్రోడీకరించి చూసినప్పుడు, 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. కాబట్టి "డిస్క్ అరిగింది" అనే నివేదిక ఒక్కటే నొప్పికి కారణాన్ని నిరూపించదు.

3. గృహోపచారం:
పూర్తి విశ్రాంతి మంచిదన్న పాత సలహా నిలబడలేదు. హెల్సింకీ నగరపాలక ఉద్యోగులపై జరిపి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు రోజులు మంచం పట్టినవారికంటే, ప్రత్యేక వ్యాయామాలు చేసినవారికంటే, నొప్పి అనుమతించినంత మేరకు రోజువారీ పనులు కొనసాగించినవారే త్వరగా కోలుకున్నారు. కదలిక లేకపోతే కండరాలు బిగుసుకుంటాయి, కదలాలంటే భయం పెరుగుతుంది.

అందువల్ల ఇంట్లోనే కొద్దికొద్దిగా నడవాలి. అరగంటకొకసారి కుర్చీలోంచి లేవాలి. వేడి కాపడం తాత్కాలిక ఉపశమనమిస్తుంది; చర్మం కాలకుండా మధ్యలో గుడ్డ ఉంచుకోవాలి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోవచ్చు. ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొద్ది రోజులు ఉపకరిస్తాయి కానీ కడుపులో పుండ్లు, మూత్రపిండ వ్యాధి, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు. నొప్పి తగ్గిన తరువాత క్రమం తప్పని వ్యాయామం మళ్లీ రాకుండా కొంత కాపాడుతుంది.

4. వైద్యుణ్ణి కలవవలసిన సందర్భాలు:

4.1. అదే రోజు ఆసుపత్రికి: మూత్రం బిగపట్టడం లేదా తెలియకుండా పోవడం, మలంపై అదుపు తప్పడం, మర్మావయవాల చుట్టూ, మలద్వారం దగ్గర తిమ్మిరి, రెండు కాళ్లలో బలహీనత. వెన్నెముక చివర గుర్రపు తోకలా ఉండే నరాల గుత్తిపై ఒత్తిడి పడినప్పుడు ఇవి కనిపిస్తాయి. శస్త్రచికిత్స ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. పాదం పైకెత్తలేకపోవడం, ప్రమాదం తరువాత వచ్చిన తీవ్రమైన నొప్పి కూడా ఈ కోవలోవే.

4.2. కొద్ది రోజుల్లో: జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి, గతంలో క్యాన్సర్ సోకి ఉండడం. మన దేశంలో వెన్నెముక క్షయను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఈ వ్యాధిని పెర్సివల్ పాట్ 1779లో వర్ణించాడు. దగ్గు లేకుండానే ఇది రావచ్చు. సకాలంలో మందులు వాడితే నయమవుతుంది. వృద్ధుల్లో, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారిలో చిన్నపాటి జారుడుకే వెన్నుపూస విరగవచ్చు. ఇటువంటివారి నడుము తన్నడం, తొక్కడం ప్రమాదకరం.

4.3. వాయిదా వేయకుండా: నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గని నొప్పి; పిరుదు నుంచి పిక్క, పాదం దాకా పాకి వదలని సయాటికా నొప్పి. 45 ఏళ్ల లోపు మొదలై మూడు నెలలు దాటిన నొప్పి, ఉదయం అరగంటకు పైగా బిగువుగా ఉండి కదిలితే తగ్గుతుంటే అది కీళ్లవాత సంబంధమైనది కావచ్చు.

5. ఉపసంహారం:
నడుము నొప్పిలో కాలమే చాలామందికి వైద్యం చేస్తుంది. కాలం నయం చేయలేని కొద్దిమందిని గుర్తించడానికి నొప్పి తీవ్రత ఒక్కటే కొలమానం కాదు. భరించలేని నొప్పి వారంలో తగ్గిపోవచ్చు. ఓర్చుకోగలిగిన నొప్పి వెనుక క్షయ దాగి ఉండవచ్చు. నొప్పికి తోడుగా వచ్చిన లక్షణాలేమిటి, రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతోందా పెరుగుతోందా అనే రెండు ప్రశ్నలు వేసుకుంటే అనవసరమైన స్కానింగులూ తగ్గుతాయి, అవసరమైన వైద్యమూ సకాలంలో అందుతుంది.