అడవి దారిలో చిన్న లెక్క

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రోడ్డు మన్ననూరు దాటగానే నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. అక్కడ రాత్రి 9 గంటలకు గేటు మూసివేస్తారు; తిరిగి ఉదయం 6 గంటలకుగాని తెరవరు. కర్ణాటకలోని బందీపూరు అడవిలోనూ 2009 నుండి ఇదే ఏర్పాటు ఉన్నది. పగలంతా ఆ దారిన మనము తిరుగుతాము; రాత్రి వంతు జంతువులది.

అయితే, పిల్లలూ, అన్ని రోడ్లనూ రాత్రిపూట మూయడం సాధ్యం కాదు గదా! చిత్తూరు జిల్లా పలమనేరు వద్ద కౌండిన్య అడవి ఉన్నది. అందులో ఏనుగులున్నవి. 2023 జూన్ నెలలో ఒక రాత్రి, అక్కడి రహదారి దాటుతున్న మూడు ఏనుగులు సరుకుల బండి ఢీకొని చనిపోయినవి.

అంత పెద్ద జంతువు బండి నడిపేవారికి కనిపించదా అని మీకు అనుమానం కలగవచ్చు. దీపం పడగానే జింక కన్ను తళుక్కుమంటుంది. ఆ కంటి వెనుక అద్దం వంటి పొర ఒకటి ఉండి, లోపలికి వచ్చిన వెలుతురును తిప్పి పంపుతుంది. పిల్లి కళ్ళు మెరిసేదీ ఇందువల్లనే. ఏనుగు సంగతి వేరు. దాని బూడిదరంగు చర్మం చీకటిలో కలిసిపోతుంది. పెద్ద ఏనుగు కన్ను మనిషి తలకన్న ఎత్తున ఉంటుంది. కిందికి దించిన దీపాల వెలుతురు దాని కాళ్ళమీదనే పడుతుంది. ఆ కాళ్ళను చూచి చెట్ల మొదళ్ళని భ్రమపడే ప్రమాదమున్నది.

ఇక లెక్కకు వద్దాము. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డమేదో ఉన్నదని గ్రహించి, బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకోండి. 22 మీటర్లు అప్పుడే గడిచిపోయినవి. బ్రేకు పట్టిన తరువాత, మంచి రోడ్డుమీద కూడా, సుమారు 35 మీటర్లు పోయిగాని కారు ఆగదు. మొత్తం 57 మీటర్లు! దించిన దీపాల వెలుతురులో దారి బాగా కనిపించేది సుమారు 40, 50 మీటర్లే. అంటే ఏనుగు కనిపించేసరికే ఆలస్యమైపోయిందన్న మాట. అదే కారు 40 కిలోమీటర్ల వేగంతో పోతే 11 మీటర్లు, 9 మీటర్లు, మొత్తం 20 మీటర్లలో ఆగుతుంది. చూశారా, వేగం సగమైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగో వంతయింది!

ఒక జింక దాటిపోగానే దారి ఖాళీ అయిందనుకోరాదు. దాని వెనుక మరొకటి రావచ్చు. ఏనుగులు కనబడితే చాలా దూరానే ఆగిపోవాలి. హారను మోగించరాదు, బండి దిగరాదు. గుంపులో పిల్లలుంటే తల్లులకు కోపం త్వరగా వస్తుంది. తినుబండారాలు విసరరాదు, ఆ రుచి మరిగిన కోతులు రోడ్డు విడిచి పోవు.

రోడ్లు వేసేవారు కూడా ఉపాయం కనిపెట్టారు. హైదరాబాదు మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి నాగపూరు దాటాక పెంచ్ అడవి గుండా పోతుంది. అక్కడ రోడ్డును స్తంభాలపైకి ఎత్తి, కింద జంతువులకు దారి విడిచారు. 750 మీటర్ల పొడవైన వంతెన కూడా అక్కడ ఉన్నది. కింద పులులు నడిచిపోవడం కెమేరాలకు చిక్కింది.

ఈసారి అడవి దారిన పోయేటప్పుడు వేగం చూపే మీటరును గమనించండి. అది 40 దాటితే, పై లెక్క నాన్నగారికి అప్పజెప్పండి.