కోత కాదు... ఎక్కించడమే!

మూలుగ మార్పిడి అంటే ఎముకలు కోసేస్తారని చాలామంది హడలిపోతారు. నిజానికి రోగికి కోతే ఉండదు. లుకేమియా, తలసీమియా లాంటి జబ్బుల్లో ముందు బలమైన మందులతో పాడైన మూలుగను తుడిచిపెడతారు. తర్వాత దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవే ఎముకల్లోకి చేరి, 2-4 వారాల్లో కొత్త రక్తకణాల తయారీ మొదలుపెడతాయి.

ఈలోపే అసలు గండం. రక్షణ కణాలు ఉండవు కాబట్టి చిన్న ఇన్‌ఫెక్షనూ ప్రాణాల మీదికి తేవచ్చు. ఆ తర్వాతా దాత కణాలు రోగి శరీరంపైనే తిరగబడొచ్చు. నెలల తరబడి మందులు, పరీక్షలు తప్పవు.

ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. కుదరకపోతే సగం సరిపోయే అమ్మానాన్నలూ ఇవ్వొచ్చు. బ్లడ్‌ గ్రూపు కలవక్కర్లేదు. అక్క ఇచ్చిన మూలుగ కొన్ని వారాల్లో తనకు మళ్లీ ఊరుతుంది. తమ్ముడి గ్రూపేమో నెమ్మదిగా అక్కదే అయిపోతుంది!