తపాలా బిళ్ల ఆయుర్దాయం
(కాగితం, సిరా, జిగురుల రసాయనం)

కువైట్‌లో నివసించే తెలుగువారిలో చాలామంది గమనించని విశేషం ఒకటి ఉంది. ఒకప్పుడు ఈ దేశపు ఉత్తరాల మీద అతికించినవి మన దేశపు తపాలా బిళ్లలే. 1915 జనవరి 21న కువైట్‌లో తపాలా కార్యాలయం ప్రారంభమైనప్పుడు అది భారత తపాలా శాఖ ఆధ్వర్యంలో నడిచింది. మొదట్లో భారతీయ బిళ్లలనే యథాతథంగా వాడేవారు. 1923 నుండి ఐదవ జార్జి చక్రవర్తి బొమ్మ గల భారతీయ బిళ్లల మీద 'కువైట్' అన్న పేరును నల్లసిరాతో అదనంగా ముద్రించి అమ్మసాగారు. నాడు ఇక్కడి చెలామణీ కూడా మన రూపాయి, అణాలే.

దేశ విభజన తరువాత కొద్ది నెలలు ఈ కార్యాలయం పాకిస్తాన్ తపాలా శాఖ కింద ఉండి, 1948 ఏప్రిల్ నుండి బ్రిటిష్ వారి అధీనంలోకి వచ్చింది. అప్పటి బ్రిటిష్ బిళ్లల మీద కూడా కువైట్ పేరుతోపాటు వెలను అణాలలో, రూపాయలలోనే అచ్చువేశారు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడల స్మారక బిళ్లలు కువైట్‌లో అణాల వెలతో అమ్ముడయ్యాయి. స్వతంత్ర భారతదేశం హాకీలో తొలి స్వర్ణపతకం గెలుచుకొన్నది ఆ క్రీడలలోనే. 1957లో మన దేశంలో నయాపైసలు రాగా, ఇక్కడి బిళ్లల మీద కూడా నయాపైసలు వచ్చాయి. 1958, 1959 సంవత్సరాలలో కువైట్ సొంతంగా వెలువరించిన తొలి బిళ్లల మీద సైతం వెల నయాపైసలలోనే ఉంది. 1961 ఏప్రిల్‌లో దినార్ వచ్చిన తరువాతనే ఆ ముడి వీడిపోయింది.

ఇంత చరిత్రను మోస్తున్నది అంగుళం పొడవైనా లేని కాగితపు ముక్క. కొండలలో శాసనాలు వేల ఏళ్ళు నిలుస్తాయి. తపాలా బిళ్ల ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రకారుని కన్న రసాయన శాస్త్రవేత్త బాగా చెప్పగలడు. ఎందుకంటే తపాలా బిళ్ల అంటే మూడు పొరల రసాయన పదార్థం. మధ్యన కాగితం, పైన సిరా, అడుగున జిగురు. ఈ మూడింటికీ ఎండ, వేడి, తేమల పట్ల మూడు వేరువేరు స్వభావాలు ఉన్నాయి.

కాగితం

కాగితానికి ఆధారం సెల్యులోజ్. వేలాది గ్లూకోజ్ అణువులు గొలుసుకట్టుగా కలిస్తే ఏర్పడే పదార్థమిది. గొలుసులు పొడవుగా ఉన్నంతకాలం కాగితం మడిచినా విరగదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం నుండి సిరా పాకకుండా ఉండేందుకు కాగితానికి పటిక, రోజనం కలపడం పరిపాటి అయింది. పటిక వల్ల కాగితంలో కొద్దిపాటి ఆమ్లత్వం ఏర్పడుతుంది. ఆ ఆమ్లం, గాలిలోని తేమ కలిసి గొలుసులను ఒక్కొక్కచోట తెంపుతూ పోతాయి. కాగితం పసుపుబారి, అంచుల పళ్ళు రాలిపోవడం దీని ఫలితమే.

ఈ చర్య వేగం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. రసాయన చర్యలు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయన్నది ఒక స్థూలమైన లెక్క. దాని ప్రకారం 25 డిగ్రీల గదిలో ఇరవై ఏళ్ళకు వచ్చే వార్ధక్యం 45 డిగ్రీల వద్ద ఐదేళ్ళకే వస్తుంది. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా వద్ద 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. వేసవి సెలవులకు కుటుంబమంతా స్వదేశానికి వెళుతూ ఏ.సి. ఆపివేసి, తలుపులు మూసిన ఇంటిలో అలమర పైభాగాన ఉంచిన ఆల్బమ్ ఆ రెండు నెలలలో ఎంత వయస్సు పోగొట్టుకొంటుందో ఈ లెక్కను బట్టి ఊహించవచ్చు. కారు డిక్కీలో మరచిపోయిన ఆల్బమ్ సంగతి చెప్పనే అక్కరలేదు.

సిరా

తపాలా బిళ్ల పుట్టినప్పటి నుండీ దాని సిరా ఒక రసాయన సమస్యే. 1840 మే నెలలో బ్రిటన్‌లో వెలువడిన ప్రపంచపు తొలి తపాలా బిళ్ల నల్లనిది. దానిని రద్దుచేసే ముద్ర ఎర్రసిరాతో వేసేవారు. కొందరు తెలివైనవారు ఆ ఎర్రముద్రను కడిగివేసి అదే బిళ్లను మళ్ళీ వాడుకోసాగారు. ఏడాది తిరగకుండానే 1841లో ఏర్పాటు తలకిందులయింది. బిళ్ల ఎరుపు, ముద్ర నలుపు అయ్యాయి. నల్లసిరాలోని కర్బనం ఏ ద్రావణిలోనూ కరగదు, తేలికగా ఏ రసాయనానికీ లొంగదు. తరువాతి కాలంలో తడి తగిలితే బిళ్ల రంగే కరిగిపోయే సిరాలను కూడా కావాలనే తయారుచేశారు. ముద్రను కడగబోతే బొమ్మ కూడా పోతుంది కనుక మోసానికి తావుండదు.

మన దేశంలో 1854లో కలకత్తాలో అర్ధణా బిళ్లలను ముందుగా ఇంగిలీకం రంగుతో రాతి అచ్చుపై ముద్రించడం మొదలుపెట్టారు. ఇంగ్లండు నుండి వచ్చిన రంగు అయిపోయింది. స్థానికంగా దొరికిన ఇంగిలీకం వాడగా అచ్చురాళ్ళు పాడయ్యాయి. చివరకు అర్ధణా బిళ్ల నీలిరంగులో వెలువడింది. ఒక దేశపు తపాలా బిళ్ల రంగును సిరా సీసా నిర్ణయించిందన్నమాట.

పాత నారింజరంగు బిళ్లలు కొన్ని గోధుమ, నలుపు రంగులకు మారడం సేకర్తలు తరచు చూస్తారు. ఆ రంగులలో సీసం ఉంటుంది. గాలిలో అత్యల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సీసంతో కలిసి నల్లని లెడ్ సల్ఫైడ్‌గా మారుతుంది. దీనిని సేకర్తలు 'ఆక్సీకరణం' అని పిలవడం వాడుకలో ఉంది కాని, శాస్త్రరీత్యా అది పొరపాటు. అసలు దానికి విరుగుడే ఆక్సీకరణం. పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్ నల్లని లెడ్ సల్ఫైడ్‌ను తెల్లని లెడ్ సల్ఫేట్‌గా మారుస్తుంది. అయినా విలువైన బిళ్లల మీద ఇంటిలో ఈ ప్రయోగం తగదు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువులలోని బంధాలను విడగొడతాయి. కువైట్‌లో ఏడాది పొడవునా కాసే ఎండలో, కిటికీ ఎదుట గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన బిళ్లలు కొద్ది కాలానికే వెలిసిపోవడం అందువల్లనే.

జిగురు

వెనుకటి కాలపు బిళ్లల జిగురులో ముఖ్యమైనది సూడాన్ తదితర దేశాలలో పెరిగే ఒక జాతి తుమ్మచెట్టు బంక. మన పల్లెలలో పిల్లలు పుస్తకాలు అంటించుకొన్న తుమ్మబంకకు ఇది దగ్గరి చుట్టమే. పిండి పదార్థం నుండి తీసిన డెక్స్‌ట్రిన్ కూడా వాడేవారు. తరువాత పాలీవినైల్ ఆల్కహాల్ వచ్చింది. ఈ మూడింటి అణువులకు నీరంటే ప్రీతి. అందుకే నాలుకతో తడిపితే అంటుకొంటాయి. అదే గుణం సేకర్తకు తలనొప్పి.

కువైట్ వేసవిలోని పొడిగాలిలో జిగురు నీటిని కోల్పోయి కాగితం కంటె ఎక్కువగా ముడుచుకొంటుంది. బిళ్ల చుట్ట చుట్టుకొంటుంది, జిగురుపొర పగులుతుంది. అదే ఆల్బమ్‌ను కోనసీమకో, నెల్లూరుకో తీసుకుపోతే వానకాలంలో జిగురు గాలిలోని తేమను పీల్చి పుటలకు అంటుకొంటుంది. సాపేక్ష ఆర్ద్రత 65, 70 శాతం దాటితే బూజు కూడా మొలకెత్తి, కాగితం మీద తుప్పురంగు మచ్చలు వేస్తుంది. రెండు దేశాల మధ్య తిరిగే కుటుంబాల ఆల్బమ్‌లకు ఈ రెండు కష్టాలూ తప్పవు.

నీటిగుర్తు చెప్పే రహస్యం

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలోని భారతీయ బిళ్లల కాగితంలో నక్షత్రపు నీటిగుర్తు ఉంది. 1923 నాటి కువైట్ బిళ్లలలో ఒక్కొక్క బిళ్లకు ఒకే పెద్ద నక్షత్రం ఉంటుంది. 1926 నుండి నాసిక్‌లో ముద్రణ సాగాక చిన్న నక్షత్రాలు అనేకం గల కాగితం వచ్చింది. 1929 నుండి వెలువడిన కువైట్ బిళ్లలలో కనిపించేవి ఇవే. పైకి ఒకేలా కనిపించే రెండు బిళ్లల కాలాన్ని వేరుచేసేది ఈ గుర్తే.

దీనిని చూడడానికి సేకర్తలు బిళ్లను బోర్లించి, నల్లని పళ్ళెంలో పెట్రోలియం ఈథర్ వంటి తేలిక ద్రావణిని రెండు చుక్కలు వేస్తారు. కాగితం తెల్లగా కనిపించడానికి కారణం నారల మధ్యనున్న గాలి. సెల్యులోజ్ వక్రీభవన గుణకం సుమారు 1.5, గాలికి 1. ఈ తేడా వల్ల వెలుతురు చెదిరిపోతుంది. ద్రావణి గుణకం సుమారు 1.4 కనుక అది గాలి స్థానాన్ని ఆక్రమించగానే కాగితం పారదర్శకమవుతుంది. నీటిగుర్తు ఉన్నచోట కాగితం పలుచన కాబట్టి అది నల్లగా తేలుతుంది. నీటి వలె కాక ఈ ద్రావణి జిగురును కరిగించదు, క్షణాలలో ఆవిరైపోతుంది. అయితే ఫొటోగ్రవ్యూర్ పద్ధతిలో అచ్చయిన కొన్ని బిళ్లలు దీనిలో రంగు వదులుతాయి. మంట దగ్గర ఇది ప్రమాదకరం. కువైట్‌లో పెట్రోలు చౌక కదా అని బంకు పెట్రోలును వాడడం మరింత అవివేకం.

కనిపించని శత్రువు

వేడి, వెలుతురు, తేమల కన్న మోసకారి శత్రువు ఒకటి ఆల్బమ్‌లోనే ఉంటుంది. చౌకరకం ఆల్బమ్‌ల మెత్తని ప్లాస్టిక్ పుటలు తరచు పాలీవినైల్ క్లోరైడ్, అంటే పి.వి.సి.తో తయారవుతాయి. సహజంగా గట్టిగా ఉండే ఈ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి థాలేట్ వంటి నూనెలాంటి ద్రవాలను కలుపుతారు. అవి ప్లాస్టిక్‌తో రసాయనికంగా బంధింపబడవు. వేడికి మెల్లగా బయటకు ఊరి, బిళ్ల సిరాను కరిగించి, ప్లాస్టిక్ మీదికి ఎక్కిస్తాయి. ప్లాస్టిక్ ముసలిదైతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వెలువడి కాగితాన్ని తినివేస్తుంది.

దీనిని గుర్తించడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, పనికిరాని ప్లాస్టిక్ ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్లే. గాలి ఆడేచోట, పెద్దల చేతుల మీదుగా మాత్రమే ఇది చేయదగినది. కొత్త ప్లాస్టిక్ కర్టెన్ వంటి ఘాటువాసన ఆల్బమ్ నుండి వస్తే పరీక్ష కూడా అక్కరలేదు. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ పుటలు, ఆమ్లరహిత కాగితం సురక్షితమైనవి.

చేయదగినవి

ఆల్బమ్‌లను ఇంటి లోపలి గదిలో, ఎండ తగలని అలమరలో, పుస్తకాల వలె నిలువుగా ఉంచాలి. ఒకదానిపై ఒకటి పేరిస్తే బరువుకు జిగురు అంటుకొంటుంది. ఇరవై డిగ్రీల ప్రాంతపు వేడి, యాభై శాతం ప్రాంతపు ఆర్ద్రత అనువైనవి. సెలవులకు వెళ్ళేటప్పుడు ఏ.సి. నడిచే మిత్రుల ఇంట ఆల్బమ్‌ను ఉంచడం మేలు. స్వదేశంలో వానకాలం గడపవలసివస్తే గాలి చొరని పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయాలి, నెలకొకసారి పుటలు తిప్పి గాలి తగలనివ్వాలి. బిళ్లలను వేళ్ళతో కాక పట్టకారుతో పట్టుకోవాలి. వేళ్ళ చెమటలో ఉప్పు, నూనె ఉంటాయి. సెల్లోటేప్ ఎన్నటికీ వాడరాదు.

కవరు నుండి బిళ్లను తీయాలంటే చల్లని నీటిలో పదిహేను, ఇరవై నిమిషాలు నానబెడితే చాలు. రంగు కాగితపు కవరును విడిగా నానబెట్టాలి. తనంతట తానే అంటుకొనే నేటి బిళ్లల జిగురు చాలావరకు నీటికి లొంగదు. వాటిని చుట్టూ కాగితం అంచు ఉంచి కత్తిరించడమే క్షేమం.

అయితే అన్ని కవర్ల నుండీ బిళ్లలను తీయవచ్చునా? ఇక్కడే ఆలోచన అవసరం. రాజంపేట, రాయచోటి, రాజోలు ప్రాంతాల ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున కువైట్ నుండి వచ్చిన పాత ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. కవరు మీది తపాలా ముద్ర తేదీని చెబుతుంది, చిరునామా ఊరును చెబుతుంది. కత్తిరించిన బిళ్ల ఈ రెండింటినీ చెప్పలేదు. 1990 ఆగస్టు 2న జరిగిన ఇరాక్ దురాక్రమణ నుండి 1991 ఫిబ్రవరి చివరి విమోచనం వరకు గల ఏడు నెలలకు ముందు, వెనుక వచ్చిన ఉత్తరాలు మరీ అమూల్యమైనవి. నాడు సుమారు 1,70,000 మంది భారతీయులు అధికభాగం అమ్మాన్ మీదుగా స్వదేశం చేరారు. చేతిసంచితో బయలుదేరినవారి ఆల్బమ్‌లు ఇక్కడే మిగిలిపోయాయి. ఊరికి పంపిన ఉత్తరాలే వారి కువైట్ జీవితానికి మిగిలిన సాక్ష్యం. అటువంటి కవర్లను కవర్లుగానే భద్రపరచాలి.

పిల్లలతో మొదలు

ప్రపంచంలోని అన్ని బిళ్లలనూ సేకరించడం ఎవరి తరమూ కాదు. ఒక విషయం ఎన్నుకొంటే సేకరణకు అర్థం ఉంటుంది. ప్రవాసంలోని తెలుగు బాలబాలికలకు తెలుగు జాతి చరిత్రే చక్కని విషయం. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానం 1871 నుండి వెలువరించిన బిళ్లల మీద తెలుగు లిపి కూడా ఉంది. 1937 రజతోత్సవ స్మారక బిళ్లల మీద ఉస్మానియా ఆసుపత్రి, విశ్వవిద్యాలయం దర్శనమిస్తాయి. 1974లో కందుకూరి వీరేశలింగం, 1975లో ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంగా సరస్వతి, 1986లో అల్లూరి సీతారామరాజు మన తపాలా బిళ్లల మీదికి వచ్చారు.

1995లో భారత తపాలా శాఖ ఎల్లాప్రగడ సుబ్బారావు శతజయంతికి ఒక బిళ్ల విడుదల చేసింది. భీమవరంలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన ఆ జీవరసాయన శాస్త్రవేత్త రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించాడు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల అన్వేషణలోను, ఫోలిక్ ఆమ్లం తయారీలోను, బోదకాలు మందు రూపకల్పనలోను ఆయన కృషి ఉంది. బతికి ఉన్నప్పుడు తగిన గుర్తింపు దక్కని ఆ మహనీయుణ్ణి నేటి పిల్లలకు పరిచయం చేయడానికి ఆ చిన్న బిళ్ల చాలు.

ఈ సెలవులలో స్వగ్రామం వెళ్ళే కుటుంబాలు తాతగారి ట్రంకుపెట్టెను పిల్లల చేత తెరిపించాలి. అందులోని కువైట్ కవర్లను పాలిథిన్ సంచిలో కాక, ఆమ్లరహిత కాగితపు సంచులలో సర్దించాలి. ఉత్తరం ఎవరు రాశారో, ఏ సంవత్సరమో, అప్పుడు ఇంటిలో ఏమి జరిగిందో తాతగారినో, నాయనమ్మనో అడిగి ఒక కాగితం మీద రాయించి కవరుతోపాటు ఉంచాలి. కాగితాన్ని, సిరాను కాపాడే మార్గాలు శాస్త్రం చెబుతుంది. ఆ ఉత్తరం వెనుక కథ చెప్పగల పెద్దలు ఉండగానే దానిని రాసి ఉంచడం కుటుంబం చేయవలసిన పని.