ఎవరెస్ట్‌కి అర్ధరాత్రే ఎందుకు బయల్దేరతారు? అసలు రిస్క్ ఎవరిది?

నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవాళ్లకు బేస్ క్యాంప్ దాటగానే మొదటి గండం.. ఖుంబు ఐస్‌ఫాల్. ఇది నిత్యం కదిలే హిమానీనదం. ఇళ్లంత మంచు దిమ్మెలు ఎప్పుడు కూలతాయో చెప్పలేం. ఎండ తగిలితే మంచు వదులవుతుంది. అందుకే చీకట్లోనే బయల్దేరి దాటేస్తారు.

లక్షలు కట్టి వచ్చినవాళ్లు దీన్ని కొన్నిసార్లే దాటుతారు. టెంట్లు, ఆక్సిజన్ సిలిండర్లు మోసే షెర్పాలు మాత్రం సీజన్ అంతా పైకీ కిందికీ తిరగాల్సిందే.

2014 ఏప్రిల్ 18 ఉదయం ఇక్కడే మంచు విరుచుకుపడి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీ సిబ్బందే. (అదే సీజన్‌లో మన మాలావత్ పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. అటు ఈ ఐస్‌ఫాల్ ఉండదు.)

అంత్యక్రియలకంటూ నేపాల్ ప్రభుత్వం మొదట ప్రకటించింది కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు భగ్గుమన్నారు. ఆ సీజన్‌లో నేపాల్ వైపు యాత్రలు దాదాపు అన్నీ ఆగిపోయాయి.