చెరకు పురుగునకై తెచ్చిన కప్ప

చెరకు సాగుచేయు సోదరులకు వేరుపురుగు చేయు నష్టమును మేము వర్ణింప నక్కఱలేదు. తోఁట పైకి పచ్చగనే యుండును. లోపల వేళ్లు తెగి, గాలి వీచినంతనే దుబ్బు లొరిగిపోవును. ఆస్ట్రేలియా ఖండమున ఈశాన్యభాగమందలి క్వీన్సులాండు రైతులు నిట్టి బాధయే పడుచుండిరి. దాని నివారణకై అచ్చటి చెరకు పరిశోధనశాఖవారు 1935వ సంవత్సరము జూన్ నెలలో హవాయి దీవులనుండి ఇంచుమించు నూఱు పెద్దకప్పలను తెప్పించిరి. వీని జన్మస్థానము దక్షిణ, మధ్య అమెరికాలు. వానిని పెంచి, ఆగస్టు నెలలో సుమారు 2,400 పిల్లకప్పలను గార్డన్‌వేల్ ప్రాంతపు తోఁటలలో విడిచిరి. వాల్టర్ ఫ్రాగ్గట్ అను కీటకశాస్త్రజ్ఞుఁడు ఇది ముప్పు తెచ్చునని హెచ్చరించెను. ప్రభుత్వము కొన్నినెలలు నిషేధించియు, 1936లో ఆ నిషేధమును తొలఁగించెను.

పురుగేమో మట్టిలో నుండును. దాని తల్లియగు పెంకుపురుగు చెట్లకొమ్మలపై నుండును. ఎగురనేరని, ఎక్కనేరని కప్పకు రెండును అందవు. వేరుపురుగు యథాప్రకారముగ నుండెను. కప్ప మాత్రము వృద్ధిచెందెను. ఆఁడుకప్ప యొక్క పర్యాయమున 8,000 మొదలు 30,000 వఱకు గ్రుడ్లు పెట్టును.

దీని మెడవెనుక విషగ్రంథులు కలవు. గ్రుడ్డును విషమే, తోకకప్పయు విషమే. ఈ జాతికప్పలు పూర్వ మా ఖండమున లేకుండుటచే అచ్చటి జంతువులు ఆ విషము నెఱుఁగవు; మామూలు కప్పయే యని పట్టి తిని చచ్చుచున్నవి. పెద్ద ఉడుములు పలుచోట్ల నూటికి తొంబదివంతులకు పైగా నశించినవి. క్వోల్ అను చుక్కల సంచిజంతువు పిల్లికంటె చిన్నది; 2001లో కప్పలు కాకడూ వనమున ప్రవేశించిన పిమ్మట అచ్చట నది దాదాపు కనఁబడకపోయెను. కాకులు మాత్రము కప్పను వెల్లకిలఁద్రోసి, విషములేని పొట్టభాగమునే తినుట నేర్చినవి. కాకి బుద్ధి యెచ్చటనైన నొక్కటియే!

ఈ నేర్పును ఉడుములకును గఱపవచ్చునని సిడ్నీ విశ్వవిద్యాలయపు రిక్ షైన్ మున్నగువారు కనుగొనిరి. కప్పలదండు రాకముందే చిన్నపిల్లకప్పలను విడుతురు. వానియందు విషము స్వల్పము. తిన్న ఉడుము రోగమునొందునే గాని చావదు, పిదప పెద్దకప్ప జోలికిఁ బోదు. ఆదివాసి వనరక్షకులును ఈ కార్యమునఁ దోడ్పడిరి.

కప్పలు 2009లో పశ్చిమాస్ట్రేలియా సరిహద్దు దాఁటినవి. వానికి దక్షిణమున పిల్బరా కలదు. క్వోలులకది యొక ముఖ్యనివాసము. నడుమ, బ్రూమ్ మొదలు పోర్ట్ హెడ్లండ్ వఱకుఁ గల నేల మిక్కిలి నిర్జలము. ఎండకాలమున నచ్చట నీరుండునది పశుపోషకుల గొట్టపుబావుల చెంతనే. నీరులేక కప్ప బ్రదుకఁజాలదు. సుమారు నూఱు తావులలో నీరు మట్టిగుంటలలో నిలువకుండఁ జేసిన దండు అచ్చటనే ఆఁగునని శాస్త్రజ్ఞులు 2013లో లెక్కించిరి. దీనికై కావలసినది గోడయుఁ గాదు, మందుఁ గాదు: గుంటకు బదులు మూఁతగల తొట్టి, కాఱని గొట్టము, కప్ప యెక్కలేని పశువుల నీళ్లతొట్టి. నీటివృథా తగ్గుటచే పశువుల యజమానికిని ఇందు లాభమే కలదు.